చేనేత వాళ్ల గ్రూపు: డిజైన్లు బయటికి పోకుండా మాకంటూ సొంత సర్వర్ పెట్టుకోవచ్చా?

గట్టుప్పల్_చిటికి:

అందరికీ నమస్తే. మాది నల్గొండ జిల్లా గట్టుప్పల్, ఇక్కత్ పని. మావి, పుట్టపాక వాళ్లవి కలిపి 26 ఇళ్లు. లాక్‌డౌన్ అప్పటి నుంచి వాట్సాప్‌లో ఒక గ్రూపు నడుస్తోంది. నూలు ధర, ఏ రంగు కారుతోంది, ఎవరి ఆసు యంత్రం (కట్టే ముందు నూలు చుట్టేది) ఖాళీగా ఉంది, అన్నీ అందులోనే. కొత్త డిజైన్ గీస్తే గ్రాఫ్ ఫోటో కూడా పెడతాం, ఒకరు కట్టేది ఇంకొకరు కట్టకుండా.

సంక్రాంతి ముందు మా నాయిన ఏనుగుల బార్డర్‌కు గ్రాఫ్ గీశాడు. పదకొండు రోజులు కూర్చున్నాడు. కంట్లో శుక్లం ఉంది, ఒక ఏనుగు తొండం కొసన ఒక గడి ఎక్కువ నింపాడు. నేను చూసేసరికి చిటికి కట్టడం, అంటే రంగు అంటకుండా నూలుకు ముడులు వేయడం, మొదలైపోయింది, ఉండనీ అనుకున్నాం. మొదటి చీర ఇంకా మగ్గం మీదే ఉంది. పని మీద హైదరాబాద్ వెళ్తే ఒక దుకాణంలో అదే బార్డర్ ప్రింట్ చీర వేలాడుతోంది, ఏడు వందలకు. కొంగు పట్టుకుని తొండం కొస వెతికాను. ఆ ఒక్క గడి అట్లాగే ఉంది. నాయినకు ఇంకా చెప్పలేదు.

డబ్బు నష్టం ఒక ఎత్తు. ఆ రోజు నుంచి గ్రూపులో ఎవరూ గ్రాఫ్ పెట్టడం లేదు, ఎదురుపడినా మాట తగ్గింది. నువ్వంటే నువ్వని అందరి మనసులో ఉంది. ఈ టెన్షన్ నేను పడలేకపోతున్నా.

ఏ కంపెనీ చేతిలోనూ లేకుండా, మా 26 ఇళ్ల వాళ్లమే నడుపుకునే చోటు ఏదైనా ఉంటుందా? యాభై దాటిన వాళ్లు కూడా వాడగలగాలి.

నకిరేకల్_నెట్‌వర్క్:

తమ్ముడూ, చదువుతుంటే బాధేసింది. నేను సర్వర్ల పని చేస్తాను, తెలిసింది చెప్తా.

వాట్సాప్‌లో 2016 నుంచే మాటలన్నీ తాళం వేసినట్టు పోతాయి, దారిలో ఎవరూ చదవలేరు. మీ గ్రాఫ్ దారిలో పోలేదు, ఏదో ఒక ఫోన్‌లోంచి పోయింది. ఫోటో దానంతటదే గ్యాలరీలోకి దిగుతుంది, ఫోన్ రిపేర్‌కు ఇస్తారు, పిల్లలు చూస్తారు. సర్వర్ మార్చినా ఇది ఆగదు. ఇంతలో గ్రూపు సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్ చెయ్. చాట్ మొత్తాన్ని ఎవరూ బయటికి ఎక్స్‌పోర్ట్ చేయలేరు, ఫోటోలు గ్యాలరీలోకి వాటంతటవే దిగవు. స్క్రీన్‌షాట్‌ను మాత్రం అది ఆపదు.

ఇక సొంత చోటు. మ్యాట్రిక్స్ అని ఒక పద్ధతి ఉంది, 2014లో మొదలైంది. ఫ్రాన్స్ ప్రభుత్వ ఉద్యోగుల యాప్ దాని మీదే నడుస్తోంది. నాకు జీమెయిల్, నీకు యాహూ ఉన్నా ఉత్తరం పోతుంది కదా, అట్లాగే మీ ఊరి సర్వర్, పుట్టపాక సర్వర్ వేరువేరుగా ఉన్నా గ్రూపు ఒకటే. ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. కానీ దాని ముఖ్యమైన యాప్ ఎలిమెంట్‌ను 2023 మేలో కేంద్రం ఆపేసిన 14 యాప్‌లలో చేర్చింది. సర్వరే అక్కర్లేని బ్రయర్ కూడా ఆ జాబితాలో ఉంది. మగ్గం పని చేసుకునే వాళ్లను ఆ తిప్పల్లోకి దింపొద్దు.

నా ఓటు ఎక్స్‌ఎంపీపీకి, అదీ మ్యాట్రిక్స్ లాంటి ఇంకో పద్ధతే. 1999లో జాబర్ పేరుతో పుట్టింది, పాతది, తేలికైనది. దాని మీద స్నికెట్ అని ఉంది, సరిగ్గా మీలాంటి చిన్న గుంపుల కోసం చేసిందే. ఎవరినైనా చేర్చాలంటే నువ్వు లింక్ పంపాల్సిందే. ఫోన్ నంబర్ అక్కర్లేదు. సర్వర్ నడిపే వాడికి ఎవరు ఎప్పుడు మాట్లాడారో తెలుస్తుంది, తాళం వేసిన మాట మాత్రం చదవలేడు. ఆ నడిపే వాడు ఎవరన్నది మీరే కూర్చుని తేల్చుకోవాలి.

పేట_చీర:

అన్నా, మాది నారాయణపేట. మా మహిళల గ్రూపులో పద్నాలుగు మందిమి ఏడాదిన్నరగా స్నికెట్ వాడుతున్నాం. సర్వర్ అద్దె నెలకు ఐదు వందల చిల్లర, తలా నలభై వేసుకుంటాం.

కష్టాలు కూడా చెప్తాను. మా పెద్దమ్మ ఫోన్ నీళ్ల తొట్టిలో పడింది. కొత్త ఫోన్‌లో గ్రూపు వచ్చింది కానీ పాత మాటలు ఒక్కటీ తెరుచుకోలేదు. తాళంచెవి ఆ పాత ఫోన్‌లోనే ఉండిపోయింది. ఆమె రంగుల లెక్కలన్నీ అందులోనే రాసుకుంది, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అప్పటి నుంచి ముఖ్యమైనవి నోటుబుక్కులో రాస్తున్నాం. ఇంకోటి, సర్వర్ మొత్తం మా తమ్ముడొక్కడే చూసేవాడు. వాడు పుణె పోయాక వారం ఆగిపోయింది. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరైనా ఉండాలి.

అది సరే గానీ అన్నా, 26 ఇళ్లన్నారు, గ్రూపులో నంబర్లు ఎన్నున్నాయి? ఒకసారి లెక్కపెట్టండి.

చౌటుప్పల్_లా:

డిజైన్ల చట్టం 2000 కింద రిజిస్టర్ చేసుకుంటే పదేళ్ల హక్కు, మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. కానీ బయట అమ్మకానికి పెట్టకముందే దరఖాస్తు పడాలి. జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతం సరుకు అని ఇచ్చేది, ఇక్కత్ పేరును కాపాడుతుంది, మీ నాన్నగారి ఏనుగును కాదు.

ఇంకో ఉపాయం. ఆ తప్పు గడినే వాడుకోండి. గ్రాఫ్‌ను ఒక్కో ఇంటికి ఒక్కో చోట గడి మార్చి పంపండి. మళ్లీ కాపీ వస్తే ఏ ఇంటి నుంచి పోయిందో తెలిసిపోతుంది.

గట్టుప్పల్_చిటికి:

అక్కా, మీరు అడిగాక రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. 41 నంబర్లు. ఒక్కో ఇంట్లో అన్నదమ్ములు, కొడుకులు ఉంటారు కాబట్టి 38 గుర్తుపట్టాను. మిగతా మూడు ఎవరివో 26 ఇళ్లలో ఎవరికీ తెలియదు. పాత ఫోటోలు వెతికితే లాక్‌డౌన్‌లో చీరలు అమ్ముడుపోక మేమే చేసిన పోస్టర్ దొరికింది. దాని కింద ఈ గ్రూపు లింకే ఉంది. మేమే వేశాం. ఆ లింక్ ఈ రోజు దాకా పని చేస్తూనే ఉంది. పొద్దున్నే దాన్ని రీసెట్ చేసి, ముగ్గురినీ తీసేసి, పోస్టర్ ఫోటో గ్రూపులో పెట్టాను. గంటలో పుట్టపాక నుంచి మామ ఫోన్ చేశాడు. రెండు నెలల తర్వాత మాట్లాడాడు.

లాయర్ గారూ, రిజిస్ట్రేషన్ సంగతి తప్పకుండా చూస్తాను. గడి మార్చే ఉపాయం మాత్రం వద్దండి. ఇంటింటికీ గుర్తు పెట్టి పంపితే వాళ్లను దొంగలుగా ముందే రాసిపెట్టుకున్నట్టే. రేపు ఆ సంగతి తెలిస్తే నేను మామ ముఖం చూడలేను.

నకిరేకల్ అన్నా, స్నికెట్‌కే పోదామనుకుంటున్నాం. ముందు ఆరుగురం, సర్వర్ పాస్‌వర్డ్ నా దగ్గర ఒకటి, పుట్టపాకలో ఒకటి. గ్రాఫ్ ఫోన్‌లో పెడతాం, రంగుల లెక్క మాత్రం కాగితం మీదే, చేతికే ఇస్తాం. వచ్చే ఆదివారం మీరు ఊరికి వస్తే అందరి ఫోన్లు మా ఇంట్లో ఉంటాయి. పన్నెండు గంటల తర్వాత కరెంటు ఉంటుంది. నాయినకు కూడా ఆ రోజే, మీరుండగానే చెప్తాను.