అప్‌డేట్: ఎడమచేతివాటంతో పోలో

డిగ్రీకి ఇంగ్లండ్ వెళ్ళాను, గుర్రం ఎప్పుడూ ఎక్కలేదు, పైగా ఎడమచేతివాటం, యూనివర్సిటీలో పోలో (గుర్రమెక్కి కర్రతో బంతిని కొట్టే ఆట) నేర్చుకోవచ్చా అని సెప్టెంబర్‌లో అడిగాను కదా. సంక్రాంతికి అమలాపురం దగ్గర మా ఊరొచ్చాను, తీరిగ్గా చెబుతున్నా.

చేరాను. మీరన్నట్టే ఎడమచేత్తో ఆడనివ్వరు. ఎదురెదురుగా దూసుకొచ్చే ఇద్దరూ బంతిని తమ కుడివైపు ఉంచుకుంటేనే గుర్రాలు ఢీకొనకుండా పక్కనుంచి పోతాయి. అందుకని కుడిచేతిలో మ్యాలెట్ (బంతిని కొట్టే పొడవాటి కర్ర), ఎడమచేతిలో కళ్ళెం. విచిత్రంగా నాకిదే కలిసొచ్చింది. గుర్రాన్ని తిప్పేది నా మంచి చెయ్యే!

మొదట్లో చెక్కగుర్రం మీదే కూర్చోబెట్టారు. మణికట్టుకు పట్టీ చుట్టుకుని, మ్యాలెట్‌ను దాని బరువుతోనే ఊగనివ్వాలట. నేనేమో గడ్డపారలా బిగించి పట్టుకునేవాణ్ణి. చలికాలం ఆట ఇసుక అరీనాలో, జట్టుకు ముగ్గురే. ఒకసారి పడ్డాను, ఇసుక కాబట్టి బతికిపోయాను. ఖర్చు మాత్రం నిజంగానే ఎక్కువ, రెండు వారాలకోసారే వెళ్తున్నా.

పచ్చికలో జట్టుకు నలుగురు, మైదానం 300 గజాల పొడవు, 160 గజాల వెడల్పు అని తాతయ్యకు చెప్పాను. ఆయన లెక్కేసి, "దగ్గర దగ్గర పదెకరాలు! రెండు పంటలు పండే నేలలో గుర్రాలు తోలతారట్రా?" అన్నారు.

ఇప్పుడు రోజూ పిట్టగోడ మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, వెదురుకర్రతో రాలిన కొబ్బరిపిందెలు కొడుతున్నా. నిన్న ఒకటి వెళ్ళి పక్కింటి అత్తయ్యగారి ముగ్గులో పడింది.