మహా విస్ఫోటం నిజమేనా, లేక చెప్పారు కాబట్టి నమ్మేస్తున్నామా?

సందేహాల బండి:
మా బావమరిది నిన్న ఒక వీడియో పంపాడు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ దెబ్బకి బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం కుప్పకూలిందట, సైంటిస్టులు తలలు పట్టుకున్నారట. వీడియో సంగతి వదిలేయండి, నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అనుమానమే ఇది. ఏమీ లేనిచోట పేలుడేంటి? పేలాలంటే మందు ఉండాలి, మందు పెట్టడానికి చోటుండాలి కదా. పైగా 1380 కోట్ల ఏళ్లని లెక్క కూడా చెబుతారు. మా తాతగారి పుట్టినరోజే మా ఇంట్లో ఎవరికీ తెలీదు!

రాత్రి డ్యూటీ:
సగం గొడవ ఆ మాటతోనే వచ్చిందండీ. విస్ఫోటం అనగానే మనకి లక్ష్మీ బాంబు గుర్తొస్తుంది. ఇంగ్లీషు పేరు కథా అంతే, 1949లో బీబీసీ రేడియోలో ఫ్రెడ్ హోయిల్ అనే బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త అన్నమాట అది, ఆయనేమో ఆ సిద్ధాంతం అంటేనే గిట్టని మనిషి. అసలు చెప్పేది పేలుడు గురించి కాదు. రాత్రి కలిపి పెట్టిన ఇడ్లీ పిండి పొద్దుటికి పొంగుతుంది చూడండి, అందులో నలగకుండా మిగిలిన మెంతిగింజలు ఏ రెండు తీసుకున్నా వాటి మధ్య దూరం పెరుగుతుంది గానీ ఇదిగో ఇక్కణ్ణుంచే పొంగింది అని వేలుపెట్టి చూపించే చోటు ఉండదు. విశ్వమూ అలాగే పొంగుతోంది, గిన్నె మాత్రం లేదనుకోండి.

సాక్ష్యం అంటారా, 1964లో అమెరికాలో న్యూజెర్సీ దగ్గర పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు పెద్ద యాంటెన్నా ఎటు తిప్పినా ఒకటే గరగర. లోపల గూడు కట్టిన పావురాల రెట్ట కూడా కడిగి చూశారు, పోలేదు. అది విశ్వం మొదట్లో వేడిగా, చిక్కగా ఉన్నప్పటిది, ఆకాశం నలువైపుల నుంచీ వస్తున్న పాత వేడి, చల్లారి చల్లారి ఇప్పుడు మైనస్ 270 డిగ్రీల దగ్గరుంది. 1978లో నోబెల్ వచ్చింది వాళ్లకి. పాత టీవీల్లో ఛానెల్ రానప్పుడు చీమలు పరిగెత్తేవి కదా, వాటిలో ఒక పిసరు ఇదే.

పుణె తెలుగోడు:
అంత తేలిగ్గా తేల్చేయకండి. కాదన్నవాళ్లంతా వాట్సాప్ బ్యాచ్ కాదు. జయంత్ నార్లీకర్ కేంబ్రిడ్జిలో హోయిల్ శిష్యుడు, పుణెలో అయుకా అనే ఖగోళ పరిశోధన సంస్థకి తొలి డైరెక్టర్, 2025 మేలో పోయారు. 1993లో హోయిల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి వేరే నమూనా ఇచ్చారు, దాని ప్రకారం విశ్వానికి మొదలంటూ లేదు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, కొత్త పదార్థం అక్కడక్కడా పుడుతూనే ఉంటుంది. అలాంటి మనిషి అనుమానపడితే మనం పడకూడదా?

రిటైర్డ్ సైన్సు పంతులు:
ఇంకో మాట కలపండి. ఈ మొదలు అనే ఆలోచన పెట్టిన లెమైత్ర్ బెల్జియంలో చర్చి ఫాదరు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఇది సృష్టికి రుజువు అన్నట్టే మాట్లాడారు కూడా. నాకైతే బైబిల్ వాసన కొడుతుంది.

రాత్రి డ్యూటీ:
మాస్టారూ, పోప్ అలా అనడం ఆ లెమైత్ర్‌కే నచ్చలేదు. దేవుణ్ణీ సమీకరణాన్నీ కలపొద్దన్నది ఆయనే. ఆలోచన ఎవరి బుర్రలోంచి వచ్చిందని కాదు, కొలతకి నిలిచిందా లేదా చూడాలి.

పుణె గారూ, అనుమానం తప్పని నేనెక్కడన్నాను? కానీ ఆ పాత వేడికి నార్లీకర్ గారి జట్టు చెప్పిన వివరణ కూడా రాయాలి కదా. నక్షత్రాల వెలుగుని అంతరిక్షంలో తేలే సన్నటి ఇనుప పోగులు పీల్చి మళ్లీ వదులుతాయన్నారు. 1989లో పంపిన కోబే ఉపగ్రహం కొలిస్తే ఆ వేడి, బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం గీసిన గీత మీద అచ్చంగా కూర్చుంది, తర్వాత లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులు కూడా దొరికాయి. పోగులతో అంత నున్నగా రాబట్టామంటే ఎక్కువమందికి నమ్మకం కుదర్లేదు. ఓట్లేసి ఓడించింది కాదు.

సందేహాల బండి:
మరి వెబ్ సంగతి చెప్పరేం?

రాత్రి డ్యూటీ:
వెబ్ చూసింది విశ్వానికి 30 కోట్ల ఏళ్ల వయసు కూడా నిండకముందు నాటి గెలాక్సీలని. అవి అనుకున్నదానికంటే ప్రకాశంగా ఉన్నాయి. అంటే గెలాక్సీలు ఎలా పెరుగుతాయన్న లెక్క సరిచూసుకోవాలి. పిల్లాడు పదేళ్లకే ఆరడుగులుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం గానీ వీడు పుట్టనే లేదనం కదా. నిజంగా ఇబ్బంది పెడుతున్నది వేరే ఉంది. విశ్వం వ్యాకోచించే వేగాన్ని పాత వేడి నుంచి లెక్కిస్తే దాదాపు 33 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకి 67 కిలోమీటర్ల దగ్గర వస్తోంది, మనకి దగ్గరున్న నక్షత్రాలతో కొలిస్తే 73 దగ్గర. ఈ తేడా ఇంకా తెగలేదు. ఇక ఆ మొట్టమొదటి క్షణం దగ్గరికి పోతే ఐన్‌స్టీన్ సమీకరణాలే చేతులెత్తేస్తాయి, అక్కడ పనిచేసే భౌతికశాస్త్రం మన దగ్గర లేదు. విశ్వం ఒకప్పుడు వేడిగా, చిక్కగా ఉండేదన్నది గట్టి మాట. అసలెలా మొదలైందన్నది మాత్రం ఎవరికీ తెలీదు, వీడియో వాళ్లు ఈ రెంటినీ కలిపి ఉడకబెడుతున్నారు.

సందేహాల బండి:
సరే, పిండి పొంగిందని ఒప్పుకుంటున్నా. పప్పు ఎవరు నానబోశారో మాత్రం మీరూ చెప్పలేదు!