ఆన్‌లైన్ క్లాసుకీ క్యాంపస్ క్లాసుకీ రాష్ట్రం ఒకే లెక్కన డబ్బివ్వాలా? (కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు, అంటే ఎక్కువగా రెండేళ్ల కోర్సులుండే ప్రభుత్వ కాలేజీలు)

ఫ్రీమాంట్ కృష్ణవేణి: నేను హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యగా వచ్చే వీసా మీద ఉన్నాను. పోయిన ఫాల్‌లో ఇక్కడి ఒక కాలేజీలో ఆన్‌లైన్ అకౌంటింగ్ తీసుకున్నాను. వీడియోలన్నీ 2020లో చేసినవే. నాలుగు మెయిళ్లు పెడితే ఒక్కదానికి జవాబొచ్చింది, అదీ పదకొండు రోజులకి. మిడ్‌టర్మ్ కంప్యూటరే దిద్దింది, ఎక్కడ తప్పు చేశానో చెప్పినవాళ్లు లేరు. యూనిట్‌కి 46 డాలర్లు తక్కువే, కాదనను. కానీ నన్ను లెక్కలో చూపించి క్యాంపస్ క్లాసుకి వచ్చినంత డబ్బే కాలేజీ తెచ్చుకుంటోంది. ఆన్‌లైన్‌కి సగమే ఇవ్వాలి. అప్పుడైనా కదులుతారు.

పార్ట్‌టైమ్ మాస్టారు: అమ్మా, సగం చేస్తే ముందు కోత పడేది మాలాంటి వాళ్లకే. ఒక కాలేజీ డిస్ట్రిక్ట్‌లో (ఒకే బోర్డు కింది కాలేజీల్లో) పార్ట్‌టైమర్‌కి ఫుల్‌టైమ్ పనిలో 67 శాతం మించి ఇవ్వరు. అందుకే రెండు చోట్ల లెక్కలు చెబుతున్నాను. నాకు జీతం క్లాసు గంటలకే, మెయిళ్లకి కాదు. ఫుల్‌టైమ్ వాళ్లే 75 శాతం బోధించాలని 1988లోనే చట్టంలో లక్ష్యం పెట్టారు. ఇప్పటికీ అక్కడికి చేరలేదు.

శాన్‌హోసే ట్యాక్స్‌పేయర్: డబ్బు లేక కాదు మాస్టారూ. 2018లో కాల్‌బ్రైట్ అని పూర్తిగా ఆన్‌లైన్ కాలేజీ పెట్టి 10 కోట్ల డాలర్లు, పైగా ఏటా 2 కోట్లు కేటాయించారు. మొదటి ఏడాది చేరిన 904 మందిలో పూర్తి చేసింది 12 మందేనని స్టేట్ ఆడిటర్ 2021లో రాశారు. ఇక మామూలు కాలేజీల్లో సెన్సస్ రోజున, అంటే టర్మ్‌లో 20 శాతం గడిచాక విద్యార్థుల్ని లెక్కపెట్టే రోజున, ఎంతమంది ఉంటే ఎక్కువ డబ్బు ఆ లెక్కనే. మర్నాడు మాయమైనా అడిగేవాళ్లు లేరు.

పార్ట్‌టైమ్ మాస్టారు: కాల్‌బ్రైట్ ఫీజు లేని చిన్న కోర్సుల కాలేజీ. దాన్ని చూపించి మమ్మల్ని కొట్టకండి. సెన్సస్ లోపు దొంగ పేర్లు ఏరి తీసేసేది మేమే. విద్యార్థులకిచ్చే ఎయిడ్ డబ్బు కోసం కంప్యూటర్‌తో చేర్పించిన దొంగ విద్యార్థులు, అంటే బాట్‌లు, ఈ టర్మ్‌లో నా క్లాసులో 11. వాటి వల్ల నిజమైన పిల్లలు వెయిట్‌లిస్ట్‌లో ఆగిపోయారు.

స్టాక్‌టన్ నైట్‌షిఫ్ట్: ఆన్‌లైన్ తీసేస్తే నాలాంటి వేర్‌హౌస్ వాళ్లకి చదువే లేదు. పీపీఐసీ (పబ్లిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాలిఫోర్నియా) అనే పరిశోధన సంస్థ వాళ్ల 2014 రిపోర్ట్ చూడండి. ఆన్‌లైన్ క్లాసులో పాసయ్యేవాళ్లు తక్కువే, కానీ కొన్నయినా ఆన్‌లైన్‌లో తీసుకున్నవాళ్లే డిగ్రీ దాకా ఎక్కువగా వెళ్లారు.

శాన్‌హోసే ట్యాక్స్‌పేయర్: మా అబ్బాయి హైస్కూల్‌లో ఉండగానే మూడు ఆన్‌లైన్ క్లాసులు చేశాడు, అన్నీ ఏ గ్రేడే. శ్రద్ధ ఉండాలి, అంతే.

ఫ్రీమాంట్ కృష్ణవేణి: అంటే నాకు శ్రద్ధ లేదనా? పిల్లని పడుకోబెట్టి రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. మీ అబ్బాయి ఫీజు కూడా లేకుండా యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) అప్లికేషన్ కోసం చేశాడు. నేను రెండుసార్లు వెయిట్‌లిస్ట్‌లో ఆగాను.

శాన్‌హోసే ట్యాక్స్‌పేయర్: హైస్కూల్ పిల్లలకి రిజిస్ట్రేషన్ మామూలుగా అందరికంటే చివర. మీ సీటు వాడు లాక్కోలేదు. ఈ కాలేజీలకి మా ఇంటి పన్ను నుంచీ డబ్బు వెళుతోంది.

సన్నీవేల్ శ్రీను: ఇద్దరూ కాస్త తగ్గండి.

ఫ్రీమాంట్ కృష్ణవేణి: సీటు సంగతి వదిలేస్తాను, కోపంలో అన్నాను. కానీ ఒకటి చెప్పండి. మీ వాడికి సందేహం వస్తే ఎవర్ని అడిగాడు? మిమ్మల్ని, లేదా ట్యూటర్‌ని. ఆ క్లాసులో మాస్టారు లేకపోయినా వాడికి లోటు తెలియదు. నేను గుంటూరులో బీకాం చేసి ఏడేళ్లయింది. వర్క్ పర్మిట్ ఇప్పుడే వచ్చింది. బుక్‌కీపింగ్ ఉద్యోగంలో చేరితే అడ్జస్టింగ్ ఎంట్రీ (నెలాఖరున ఖాతాలు సరిచేసే పద్దు) నా చేత్తో నేను వెయ్యాలి. మీ వాడికి గ్రేడ్ చాలు, నాకు పని రావాలి. గ్రేడ్ చాలనుకునేవాళ్లు ఫిర్యాదు చెయ్యరు కాబట్టే ఆ క్లాసు ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది.

పార్ట్‌టైమ్ మాస్టారు: ఆ మాట నిజం. మెయిళ్ల గంటలకి జీతమిచ్చి, క్లాసులో విద్యార్థుల్ని 45 నుంచి 25కి దించమనండి. దానికి ఖర్చు పెరుగుతుందే గాని తగ్గదు.

ఫ్రీమాంట్ కృష్ణవేణి: సగం అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. పెంచిన డబ్బు మాత్రం ఆ గంటలకే వెళ్లాలి.

శాన్‌హోసే ట్యాక్స్‌పేయర్: సెన్సస్ తర్వాత మాయమైనవాళ్ల డబ్బు గురించి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.