వైపర్ ఆఫ్ చేస్తే అద్దం మధ్యలోనే ఆగిపోతుంది, మోటర్ మొత్తం మార్చాల్సిందేనా?

మెహదీపట్నం_రైడర్:
అన్నలూ ఒక డౌట్. నాది పాత పెట్రోల్ కారు, ఆటో వైపర్లు రెయిన్ సెన్సర్లు ఏం లేవు, స్టీరింగ్ పక్కన కాడ లెక్క ఉండే మామూలు స్టాక్ స్విచ్. వానలు మొదలైన కాన్నుంచి వైపర్ సతాయిస్తుంది. లో స్పీడ్‌ల మంచిగనే తిరుగుతది, హైల కూడా తిరుగుతది, కానీ ఆఫ్ చేస్తే ఎక్కడున్నది అక్కడనే ఆగిపోతుంది, కిందికి దిగది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పోతుంటే సరిగ్గ కళ్ళ ముందట నిలబడుతది బ్లేడు, మళ్ళా ఆన్ చేసి, కిందికి వచ్చే టైం చూస్కొని ఆఫ్ కొట్టాల్సి వస్తుంది. ఇంకోటి, ఇంటర్మిటెంట్‌ల (ఆగి ఆగి తుడిచే సెట్టింగ్) పెడితే మొత్తం తుడవదు, జరంత జరుగుతది ఆగుతది, జరంత జరుగుతది ఆగుతది. మెకానిక్‌కు చూపిస్తే మోటర్ పోయింది మొత్తం సెట్ మార్చాలె అంటుండు. తిరిగే మోటర్ పోయిందంటే ఎట్ల నమ్మాలె? అసలు ఆఫ్ చేసినంక కూడా వైపర్ కిందిదాకా వస్తది కదా, అప్పుడు కరెంట్ ఎక్కడికెళ్ళి వస్తది? తెలిసినోళ్ళు సమజయ్యేటట్టు చెప్పండి ప్లీజ్.

వైరింగ్_అన్న:
తమ్మీ, మోటర్ అప్పుడే కొనకు. లో, హై రెండూ నడుస్తున్నయంటే ఆర్మేచర్ (లోపల తిరిగే వైరు చుట్ల భాగం), బ్రష్‌లు (దానికి కరెంట్ అందించే కార్బన్ ముక్కలు), ఎర్త్ (నెగటివ్ దిక్కు) బాగానే ఉన్నట్టు. నువ్వు చెప్పిన రెండు కంప్లైంట్లు నిజానికి ఒక్కటే, పార్క్ సర్క్యూట్, అంటే ఆఫ్ చేసినంక బ్లేడును కిందికి తెచ్చి ఆపే లైను, పని చేస్తలేదు.

మోటర్ ఎప్పుడూ ఒక్క దిక్కే తిరుగుతది. లోపల వార్మ్ గేరు స్పీడు తగ్గిస్తది, బయట క్రాంకు, లింకు రాడ్లు ఆ రౌండు తిరుగుడును అటూ ఇటూ ఊపుడు చేస్తయి. బ్రష్‌లు మూడు ఉంటయి, ఒకటి కామన్, దానికి ఎదురుంగ లో స్పీడ్‌ది, కొంచెం పక్కకు జరిపి హై స్పీడ్‌ది. హై బ్రష్‌కు కరెంట్ ఇస్తే నడుమ పడే చుట్లు తగ్గుతయి, దాంతోని బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగేటప్పుడు మోటర్‌ల ఎదురు పుట్టే వోల్టేజ్) తగ్గుతది, మోటర్ ఇంకా జోరుగ తిరుగుతది. ఇది నీకు మంచిగనే ఉంది కాబట్టి వదిలేద్దాం.

నీ ముచ్చట గేరు దగ్గరుంది. ఆ గేరు చక్రం మీద ఒక ఇత్తడి ప్లేటు, దాని మీద రాసుకుంట సన్న పత్తీలు (రేకు కాంటాక్ట్‌లు) ఉంటయి. బ్లేడు అద్దం మీద ఎక్కడున్నా సరే పార్క్ వైరుకు 12 వోల్టులు వస్తనే ఉంటయి, ఒక్క కింద ఆగే జాగల తప్ప. నువ్వు స్టాక్ ఆఫ్ చేసినవనుకో, స్విచ్ సప్లై కట్ చేసి ఊకోదు, లో స్పీడ్ బ్రష్‌ను తీస్కపోయి ఈ పార్క్ వైరుకు కలుపుతది. నువ్వు అడిగిన కరెంట్ అక్కడికెళ్ళే వస్తది. కిందికి రాంగనే పత్తీ ప్లస్‌ను వదిలి ఎర్త్‌ను పట్టుకుంటది, అంటే లో బ్రష్ కూడా ఎర్తే, కామన్ కూడా ఎర్తే. ఇంకా తిరుగుతున్న మోటర్ జనరేటర్ అయితది, షార్ట్‌ల పుట్టిన కరెంటే దానికి బ్రేక్ కొడతది. ఈ బ్రేక్ లేకపోతే, స్విచ్ ఆపినంక సీలింగ్ ఫ్యాన్ తిరిగినట్టు ఇంకాస్త ముందుకు పోతది, అక్కడ మళ్ళా ప్లస్ దొరుకుతది, ఇంకో రౌండు కొడతది, ఆగనే ఆగది. ఆఫ్ చేసినా ఆగని వైపర్లు వస్తయి చూడు మా దగ్గరికి, వాటిల మస్తు వరకు ఆ ఎర్త్ పత్తీనే పోయి ఉంటది.

ఇంటర్మిటెంట్‌ల రిలే (కరెంట్‌తోని నడిచే స్విచ్) మోటర్‌ను కొద్దిసేపే నడిపి వదిలేస్తది, మిగిలిన రౌండు పార్క్ సప్లై మీదనే పూర్తయితది. నీకు అది లేదు కాబట్టి జరంత జరిగి ఆగుతుంది.

కూకట్‌పల్లి_ఈఈఈ:
అన్న చెప్పింది కరెక్ట్. టెస్ట్ ఎలా చేయాలో నేను చెప్తాను, వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ ఉంటే చాలు. జపాన్ తరహా వైరింగ్ అయితే డయాగ్రమ్‌లో ప్లస్ 1 అంటే లో, ప్లస్ 2 అంటే హై, బి సప్లై, ఎస్ పార్క్ వైరు, ఇ ఎర్త్. జర్మన్ తరహా అయితే లో 53, హై 53బి, సప్లై 53ఎ, ఎర్త్ 31 అని ఉంటాయి. వైరు రంగు చూసి గెస్ చేయకండి, కారు కారుకీ మారుతుంది.

ఇగ్నిషన్ ఆన్ చేసి వైపర్ నడిపి, బ్లేడు మధ్యలో ఉండగా ఆఫ్ చేయండి. అది అక్కడే ఆగుతుంది కదా, ఇప్పుడు కనెక్టర్ ఊడదీయకుండానే వెనక నుంచి ప్రోబ్ పెట్టి చూడండి. సప్లై వైరులో 12 రాకపోతే ఫ్యూజ్ లేదా మధ్యలో వైరు. సప్లై ఉండి పార్క్ వైరులో కూడా 12 ఉంటే మోటర్ ఓకే, స్టాక్ స్విచ్, రిలే, ఆ మధ్య వైరు చూడాలి. సప్లై ఉంది, పార్క్ వైరులో దాదాపు సున్నా అంటే లోపల కాంటాక్ట్ పోయినట్టే.

కనెక్టర్ తీయొద్దు అని ఎందుకంటున్నానంటే, లోడ్ లేకపోతే మసి పట్టిన కాంటాక్ట్ గుండా కూడా మీటర్ 12 చూపిస్తుంది, మోటర్ తగిలితేనే వోల్టేజ్ పడిపోతుంది, చాలామంది ఇక్కడే దారి తప్పి బాగున్న స్టాక్ స్విచ్ మార్చేస్తారు. లింకు రాడ్ల దగ్గర వేళ్ళు పెట్టకండి, కాంటాక్ట్ ఒక్కసారి తగిలితే చెప్పకుండా తిరుగుతుంది. కొత్త కార్లలో కంట్రోల్ మాడ్యూలే మోటర్‌ని నడుపుతుంది, వాటికి ఈ టెస్ట్ ఇలాగే పనికిరాదు.

ఉప్పల్_భాయ్:
ఇంత తిప్పలెందుకు భాయ్, రాణిగంజ్ పోతే సెకండ్ హ్యాండ్ మోటర్ దొరుకుతది, పెట్టుకొని నడిపించు.

వైరింగ్_అన్న:
సెకండ్ హ్యాండ్ మోటర్‌ల కూడా అవే పత్తీలు అంతే అరిగి ఉంటయి భాయ్. తీసుకుంటే దుకాణంలనే బ్యాటరీ పెట్టి పార్క్ అయితుందా లేదా చూసి తీసుకోవాలె, ఊరికె తిప్పి చూపిస్తే సరిపోదు.

మెహదీపట్నం_రైడర్:
చెక్ చేసిన. సప్లై వైరుల 12 ఉంది, పార్క్ వైరుల ఏమీ లేదు. మోటర్ దింపి మూత విప్పినం, గ్రీజు మొత్తం నల్లగ, గట్టిగ మైనం లెక్క అయింది. మూడు పత్తీలల్ల ఒకటి మొన కాలి నల్లగైంది, ప్లేటును సరిగ్గ తాకుతనే లేదు. క్లీన్ చేస్తే నడుస్తదా? క్రాంక్ కూడా విప్పాల్నా?

వైరింగ్_అన్న:
నడుస్తది. బ్యాటరీ నెగటివ్ తీసే ఉంచు. పాత గ్రీజు మొత్తం తుడిచి, సన్న సాండ్‌పేపర్‌తోని పత్తీ మొన, ప్లేటు మెరిసేదాక రుద్దు, గట్టిగ గీకకు, ప్లేటు పల్చగుంటది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టు, పత్తీని కొంచెమే కిందికి వంచు, ప్లేటు మీద ఒత్తిడి పడాలె. గేరు పళ్ళకు కొత్త గ్రీజు పెట్టు, కాంటాక్ట్‌ల మీద పల్చగ రాస్తే చాలు. క్రాంక్ నట్ విప్పకుంటే మంచిది, విప్పాల్సి వస్తే ముందు మార్కర్‌తోని గీత పెట్టుకో, లేకపోతే పార్క్ జాగ మారిపోయి బ్లేడు పక్క పిల్లర్‌కు కొట్టుకుంటది.

మెహదీపట్నం_రైడర్:
అయిపోయింది అన్నా!! ఆఫ్ చేస్తే కిందికొచ్చి టక్కున ఆగుతుంది, ఇంటర్మిటెంట్ కూడా ఫుల్ రౌండు తిరుగుతుంది. ఇద్దరికీ మస్తు థ్యాంక్స్.

కూకట్‌పల్లి_ఈఈఈ:
సూపర్. మూత కింద గ్యాస్కెట్ చూశారా? చినిగి ఉంటే మార్చండి, దొరక్కపోతే పల్చగా సిలికాన్ పెట్టండి, కానీ గాలి వెళ్ళే చిన్న గొట్టం ఉంటే దాన్ని మూయొద్దు. అద్దం కింద ఆకులు పేరుకున్నా తీసేయండి, నీళ్ళు అక్కడ నిలిచే మోటర్‌లోకి దిగుతాయి.