ఒకే రకం యూఎస్‌బీ సౌండ్ కార్డుకు ఇన్ని పేర్లు ఎందుకు?

ప్రశ్న:
నమస్కారం. పాఠాలు రికార్డు చేయడానికి ఒకే రకం చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డులు రెండు కొన్నాను. విండోస్ మొదటిదాన్ని "మైక్రోఫోన్ (యూఎస్‌బీ ఆడియో డివైస్)" అనీ, రెండవదాన్ని "మైక్రోఫోన్ (2- యూఎస్‌బీ ఆడియో డివైస్)" అనీ చూపిస్తోంది. అదే కార్డును ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్‌కు తగిలించి ఎల్ఎస్‌యూఎస్‌బీ (తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపేది) ఆదేశం ఇస్తే, అట్టపెట్టె మీద ఎక్కడా లేని "యూనిటెక్ వై-247ఏ" అనే పేరు వచ్చింది. నిన్న ఒక కార్డును పక్క పోర్టుకు మార్చగానే విండోస్ దానికి "3-" తగిలించింది. రికార్డింగ్ సాఫ్ట్‌వేరుకు పాత మైకు కనిపించక, ల్యాప్‌టాప్ సొంత మైకుతోనే గంట పాఠాన్ని రికార్డు చేసింది. వింటే నా గొంతు కన్నా ఫ్యాను హోరే ఎక్కువగా ఉంది. అసలు ఈ పేర్లను ఎవరు నిర్ణయిస్తారు?

మొదటి జవాబు:
పేరు మొదట పరికరం నుంచే వస్తుంది. తగిలించగానే అది కంప్యూటరుకు తన వివరాలు చెప్పే 18 బైట్ల డివైస్ డిస్క్రిప్టర్‌ను పంపుతుంది. అందులో అక్షరాలు ఉండవు. తయారీదారు, ఉత్పత్తి, సీరియల్ నంబరు అనే మూడింటికీ తలా ఒక బైటు సూచిక మాత్రమే ఉంటుంది; పరికరంలో విడిగా ఉన్న అక్షరాల్లో ఏవి చూడాలో అది చెబుతుంది. సూచిక సున్నా అయితే ఆ వివరం లేదని అర్థం. విండోస్ చూపే పేరులో బ్రాకెట్టు లోపలి భాగం పరికరం పేరు కాగా, బయటి "మైక్రోఫోన్" అన్నది ఆడియో డిస్క్రిప్టర్‌లోని టెర్మినల్ రకాన్ని (ధ్వని లోపలికి వచ్చే లేదా బయటికి వెళ్లే భాగం ఏదో చెప్పే సంఖ్యను) బట్టి పెట్టినది. స్పీకరుకు 0301, హెడ్‌ఫోన్‌కు 0302, మైక్రోఫోన్‌కు 0201 అనే హెక్స్ (0-9 అంకెలు, ఏ-ఎఫ్ అక్షరాలతో రాసే) సంఖ్యలు ఉన్నాయి.

మీ అసలు చిక్కు సీరియల్ నంబరు దగ్గర ఉంది. అది ఉన్న పరికరాన్ని ఏ పోర్టుకు మార్చినా విండోస్ గుర్తుపడుతుంది. చవక కార్డుల్లో చాలావాటికి అది ఉండదు కనుక, విండోస్ పోర్టు స్థానాన్నే గుర్తుగా పెట్టుకుంటుంది. పోర్టు మారితే దాని లెక్కలో అది కొత్త పరికరమే.

రెండవ జవాబు:
ఉబుంటు లినక్స్‌లో ఒక రకం కనుక, లినక్స్ సంగతి నేను చెబుతాను. ఎల్ఎస్‌యూఎస్‌బీ చూపిన పేరు మీ కార్డు చెప్పుకున్నది కాదు. తయారీదారు సంఖ్య 0డీ8సీ, ఉత్పత్తి సంఖ్య 0014 అన్న జంటకు, వాడుకరులు కలిసి నిర్వహించే ఒక పట్టికలో రాసి ఉన్న పేరు అది. 0డీ8సీ చిప్పు తయారీదారైన సీ-మీడియాది. ఆ చిప్పును ఎవరి డబ్బాలో పెట్టి అమ్మినా సంఖ్యలు అవే కనుక, పట్టికలో ఎక్కిన ఒక్క బ్రాండు పేరే అందరికీ అంటుకుంటుంది. లినక్స్‌లో ధ్వనిని నడిపించే పల్స్ ఆడియో, పైప్‌వైర్ అనే సాఫ్ట్‌వేర్లు కూడా ఈ పట్టిక పేరుకే ముందు చోటిస్తాయి కాబట్టి సౌండ్ సెట్టింగ్స్‌లోనూ అదే కనిపించవచ్చు.

లినక్స్ గుండె లాంటి కెర్నెల్‌లో సౌండ్ కార్డులను నడిపే ఆల్సా మాత్రం పట్టికను చూడదు. పరికరం పంపిన ఉత్పత్తి పేరునే తీసుకుని, అందులోని చివరి మాటతో "డివైస్" అనే పొట్టి గుర్తింపును తయారు చేస్తుంది. రెండవ కార్డుకు "డివైస్_1" వస్తుంది. ఏది ముందు కనబడితే దానికి మొదటి పేరు, కనుక రీబూట్ తరువాత ఇవి తారుమారు కావచ్చు. పోర్టు స్థానాన్ని బట్టి కార్డు గుర్తింపును నిర్ణయించే యూడెవ్ (తగిలించిన పరికరాలకు పేర్లు, ఏర్పాట్లు చూసే లినక్స్ భాగం) నియమం ఒకటి రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. విండోస్ సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో మైకు ప్రాపర్టీస్ తెరిచి, ఒకదానికి "ఎడమ మైకు", మరోదానికి "కుడి మైకు" అని పేర్లు పెట్టాను. బ్రాకెట్టు లోపలి భాగం మారలేదు కానీ, పని జరుగుతోంది. ఏ పోర్టు దేనిదో మరచిపోకుండా ఎడమ పోర్టు పక్కన మా ఆవిడ బొట్టుబిళ్ల ఒకటి అంటించాను.

మొదటి జవాబు రాసినవారు:
బొట్టుబిళ్ల మంచి ఉపాయమే. అయితే ఆ పేర్లు కూడా పోర్టునే అంటిపెట్టుకుని ఉంటాయి. మధ్యలో యూఎస్‌బీ హబ్ వాడితే, ఆ హబ్‌ను తగిలించే పోర్టుకు కూడా ఒక బొట్టు పెట్టండి.