సమస్యాపూరణం: ఆయుధమ్ములే తిండికి నడ్డమయ్యె

సమస్య (తేటగీతి పాదం):
ఆయుధమ్ములే తిండికి నడ్డమయ్యె

ఇతర చీమల శ్రమపై బ్రదికే పరాన్నజీవి చీమల సంఘాలలో పోరు ఎవరి వంతో, పోషణ ఎవరి వంతో తెలిసేట్లు పూరించవలెనని మనవి. యతి ‘తిండికిన్ + అడ్డము’ అన్న విభాగంతో కుదురుతుంది. ఏ చీమను ఉద్దేశించారో పద్యం క్రింద తెలుపగలరు.

మొదటి పూరణ

దాడి సలుపు నెఱ్ఱని చీమ దవడ లవియ
కొడవలుల రీతి వంకరై గూడు దోచు,
పిల్ల నోటికి ముద్దను బెట్టలేవు;
ఆయుధమ్ములే తిండికి నడ్డమయ్యె.

ఇది ఐరోపాలోని పాలియర్గస్ రుఫెసెన్స్. వేసవి అపరాహ్ణాలలో బారులు తీరి ఫార్మికా అనే వేరే జాతి చీమల పుట్టలపై పడి ప్యూపాలను (గూటిదశలోని పిల్లలను) ఎత్తుకొని వస్తుంది. వాటినుండి వెలువడిన చీమలు ఆ పుట్టనే తమదిగా ఎంచి, మేత తెచ్చి, గూడు కట్టి, దొరల పిల్లలను సాకుతాయి.

సమీక్ష: ధార చక్కగా ఉన్నది. మూడవ పాదంతో వాక్యం ముగిసింది కనుక నాలుగవది అచ్చుతో మొదలుకావడాన్ని నేను దోషంగా పరిగణించను. అయితే విషయం సగమే వచ్చింది. స్విస్ కీటక పరిశీలకుడు పియర్ హ్యూబర్ 1810లో ప్రచురించిన గ్రంథం ప్రకారం, ఈ చీమలను 30 పట్టి, ఇష్టమైన ఆహారంతోను, పిల్లలతోను కలిపి బంధిస్తే, ఎదుట ఉన్న తిండిని తినలేక అనేకం ఆకలితో చనిపోయాయి. అట్లా ఎత్తుకొచ్చి పెంచిన ఒక్క బానిస (ఫార్మికా) చీమను లోపలికి వదలగానే అది మిగిలినవాటికి తినిపించి, పిల్లలను సాకి, అంతటినీ చక్కదిద్దింది. ఇక్కడ సైనికులు వేరొక వర్గం కారు, శ్రామికులందరూ సైనికులైపోయారు. కాబట్టి పిల్లల ఆకలికంటె ముందు తమ ఆకలి చెప్పవలె.

పూరకుని సమాధానం: అట్లయితే మూడవ పాదం ఇట్లా ఉండవచ్చును: ‘తమదు నోటికి ముద్దను దాకనీవు’.

సమీక్ష: ఇదే నిలుపుకొనండి.

రెండవ పూరణ

అతిథి చీమల కొండియం దమరు విషము
దొంగ చీమల గుంపును దోలివేసె;
తోట మేయంగ వచ్చిన దుష్టతతికి
ఆయుధమ్ములే తిండికి నడ్డమయ్యె.

పనామాలో సెరికోమిర్మెక్స్ చీమలు తిండికై బూజుతోటలు పెంచుతాయి. మెగలోమిర్మెక్స్ సిమ్మెటోకస్ అనే పరాన్నజీవి చీమ ఆ పుట్టలోనే కాపురముంటుంది. తోటలను కొల్లగొట్టే నాంప్టోజెనిస్ చీమలు వచ్చినప్పుడు ఈ అతిథులే విషంతో ఎదిరిస్తాయని 2013లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

సమీక్ష: అడ్డుపడినది శత్రువు తిండికి అని సమస్యను మలుపు తిప్పడం నాకెంతో నచ్చింది. కాని ‘తతికి’ ద్రుతాంతం. దాని తర్వాత అచ్చు వస్తే నకారం రావలె, సమస్యలో అది లేదు. ‘తోట మేయంగ నిక దారి దొరకదయ్యె’ అంటే వాక్యం ముగిసి చిక్కు తొలగుతుంది. మరొక మాట: ఈ అతిథులు ఆతిథేయుల తోటను, పిల్లలను తింటాయి, వాటి యువరాణుల (కొత్త రాణి చీమల) రెక్కలు కత్తిరిస్తాయి. దాడి లేని కాలంలోనూ ఆతిథేయులు చెల్లించే ఆ మూల్యాన్ని మరొక పద్యంలో తప్పక చెప్పండి.