కాంపోజిట్ గ్రాంటు మూడు నెలల లెక్క: క్యాష్ బుక్‌కూ పీఎఫ్‌ఎంఎస్‌కూ 8,400 తేడా

చంద్రగిరి హెచ్‌ఎం:
మా హైస్కూల్లో పిల్లలు 212 మంది. బడి నిర్వహణకిచ్చే సమగ్ర శిక్షా కాంపోజిట్ గ్రాంటు 50,000, అందులో సగానికే లిమిట్ వచ్చింది. డిసెంబర్ 31 వరకు లెక్క మండల వనరుల కేంద్రం (ఎంఆర్‌సీ)లో ఇవ్వాలి. క్యాష్ బుక్ ప్రకారం ఖర్చు 23,600, ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్ పీఎఫ్‌ఎంఎస్‌లో 15,200. ఓచర్లన్నీ ఉన్నాయి. ఏ అంకె వేయాలి సార్?

పాకాల లెక్కలాయన:
15,200 వేయండి. 2021 జులైలో ఎస్‌ఎన్‌ఏ (సింగిల్ నోడల్ ఏజెన్సీ) పద్ధతి వచ్చాక డబ్బంతా రాష్ట్రం ఖాతాలోనే ఉంటుంది, బడిది జీరో బ్యాలెన్సు ఖాతా. మనకిచ్చేది డబ్బు కాదు, వాడుకునే హద్దు. బ్యాంకు నుంచి అంగడాయన ఖాతాలో పడిందే ఖర్చు.

ప్రతి ఓచర్ ఎదురుగా పీపీఏ (పోర్టల్‌లో తీసి బ్యాంకుకిచ్చే చెల్లింపు కాగితం) నంబరు, బ్యాంకులో ఇచ్చిన తేదీ, డెబిట్ అయిన తేదీ రాయండి. చివరి గడి ఖాళీగా ఉన్నవన్నీ కూడితే 8,400 రావాలి.

చంద్రగిరి హెచ్‌ఎం:
సరిగ్గా వచ్చింది. రంగుల అంగడికి 5,400 పీపీఏ ఇచ్చాం, డెబిట్ కాలేదు. ప్లంబరుకు 3,000 నా చేతి డబ్బు ఇచ్చి రాసేశాను.

పలమనేరు మేడమ్:
ఆ రెండూ ఒకటి కాదు సార్. 5,400ది ముందు పీఎఫ్‌ఎంఎస్‌లో స్టేటస్ చూడండి. ఫెయిల్ అని ఉంటే ఐఎఫ్‌ఎస్‌సీ తప్పు అయ్యుండొచ్చు. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, అయినా పాత పాస్‌బుక్ జిరాక్స్ చూసి ఏఎన్‌డీబీ కోడ్ కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. వెండర్ వివరాలు దిద్ది, మేకర్ (పోర్టల్‌లో నమోదు చేసేవారు) మళ్లీ పెట్టి, చెకర్ (సరిచూసేవారు) ఆమోదించాక కొత్త పీపీఏ తీయాలి. పాత కాగితం మీద నంబరు దిద్ది బ్యాంకుకు పంపితే పని జరగదు.

ప్లంబరు 3,000 గ్రాంటు ఖర్చే కాదు. క్యాష్ బుక్‌లో ఆ పద్దును ఎర్ర సిరాతో రద్దు చేసి, తేదీ వేసి సంతకం పెట్టండి. వైట్‌నర్ మాత్రం వద్దు, ఆడిట్‌కు అంతకన్నా అనుమానం పుట్టించేది లేదు. బిల్లు, ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) తీర్మానం పెట్టి ప్లంబరు ఖాతాకే చెల్లింపు చేయించి, మీ డబ్బు ఆయన దగ్గర తీసుకోండి.

పాకాల లెక్కలాయన:
ఇంకొకటి. గ్రాంటులో కనీసం 10 శాతం, అంటే మీకు 5,000, స్వచ్ఛతకు పోవాలి. ఫినాయిల్, చీపుర్లు, కుళాయి రిపేరు స్టేషనరీ బిల్లులో కలిపేస్తే వినియోగ పత్రం (యూసీ)లో ఆ గడి సున్నా కనిపిస్తుంది. బిల్లులు విడిగా తీసుకోండి, స్టాక్ రిజిస్టరు పేజీ నంబరు బిల్లు వెనకాలే రాయండి.

చంద్రగిరి హెచ్‌ఎం:
5,400 వచ్చే మూడు నెలల్లో చూపిస్తే సరిపోతుందా?

పలమనేరు మేడమ్:
డెబిట్ ఏ తేదీన అయితే ఆ మూడు నెలల్లోనే. కానీ మార్చి చివరి వారం దాకా పెట్టుకోవద్దు. 31 దాటితే వాడని లిమిట్ బడి పేరున మిగలదు, అంగడాయనకు బాకీ మాత్రం మిగులుతుంది.